నా గొడ్డలే జారింది

ఫ్లోరిందో మేస్త్రీ వేసవిలో బెరడు ఒలిచే తన జట్టులోకి మనుషుల్ని తీసుకునే తీరు చూసి నవ్వని వాడు ఆ ఊళ్ళో లేడు. మిగతా మేస్త్రీలు కాఫీ కొట్లో కూర్చుని "ఎన్ని వేసవులు చేశావ్?" అని అడిగేవారు. ఫ్లోరిందో మాత్రం "పొద్దు పొడవకముందే లేవగలవా?" అని అడిగేవాడు. లేస్తానన్న వాడి చేతికి గొడ్డలి ఇచ్చేవాడు. ఒకప్పుడు తనకూ ఒక ముసలి మేస్త్రీ అలాగే ఇచ్చాడు మరి.

సీసా మూతలకు వాడే బిరడా చెట్టు బెరడు ఒలవడం మొరటు బలంతో అయ్యే పని కాదు. చెట్టుకు ఇద్దరు నిలబడతారు. గొడ్డలి బెరడును చీల్చాలి, లోపలి పొరను మాత్రం తాకకూడదు. గోరంత లోతు ఎక్కువైతే చెట్టుకు గాయం. ఒలిచాక మాను మీద ఆ సంవత్సరపు సంఖ్యలో చివరి అంకె తెల్లరంగుతో రాస్తారు. మళ్ళీ తొమ్మిదేళ్ళ దాకా ఆ చెట్టు జోలికి ఎవరూ పోరు. చేసిన తప్పూ అన్నేళ్ళూ అక్కడే ఉంటుంది.

దువార్తె లిస్బన్‌లో హోటల్ వడ్డన పని పోగొట్టుకుని వచ్చాడు. ముప్ఫై ఏళ్ళవాడు.

"గొడ్డలి పట్టడం రాదు మేస్త్రీ గారూ. నేర్పితే మాత్రం ప్రాణం పెట్టి చేస్తా" అన్నాడు.

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. వీడి హుషారు ఎన్నాళ్ళుంటుందో చూద్దాం" అన్నాడు అమారో. అతనూ ఫ్లోరిందో కుర్రతనం నుంచీ ఒకే చెట్టు దగ్గర జోడీ. అయినా ఫ్లోరిందో అమారోను ఇంకొకడికి జతచేసి, నేర్పడం కోసం దువార్తెను తన పక్కన పెట్టుకున్నాడు. అమారో మనసు నొచ్చుకుంది.

ఆ వేసవిలోనే, మేస్త్రీ నీళ్ళు తాగడానికి వెళ్ళిన కాస్సేపట్లో, దువార్తె తానే ఒలిచి చూపిద్దామని ఆత్రపడి బావి పక్క చెట్లను లోపలి పొర తెగి మాను కనిపించేలా నరికేశాడు. తోట యజమానురాలు దోనా యుజేనియా వచ్చి చూసింది.

"ఎవడి పనిది?"

దువార్తె మొహం సున్నంలా పాలిపోయింది.

"నాదేనమ్మా. నా గొడ్డలే జారింది" అన్నాడు ఫ్లోరిందో.

ఆమె కాసేపు అతన్నే చూసి, ఇంకెవరైనా అయితే ఇవాళే పంపేసేదాన్నని చెప్పి వెళ్ళిపోయింది. దువార్తె అతని చేతులు పట్టుకుని ఏడ్చాడు. అమారో మాత్రం మండిపడ్డాడు.

"ఒరేయ్, ఎవడి పాపమో నీ నెత్తిన ఎందుకేసుకున్నావురా?"

"చెయ్యి జారకుండా పనెవడికొచ్చిందిరా? నీకొచ్చిందా?"

ఆ తర్వాత దువార్తె ఆ ఇంటి మనిషే అయ్యాడు. ఫ్లోరిందో భార్య బెంతా వెల్లుల్లి, కొత్తిమీర వేసి రొట్టె చారు కాస్తే మొదటి గిన్నె దువార్తెకే. దువార్తె కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడింది ఫ్లోరిందోయే. దువార్తెకు పని కూడా బాగా వచ్చింది. గొడ్డలి చప్పుడు విని బెరడు వదిలిందో లేదో చెప్పగలిగాడు.

తొమ్మిదేళ్ళకు బావి పక్క చెట్ల వంతు మళ్ళీ వచ్చేసరికి పెద్దావిడ యుజేనియా పోయింది. కూతురు ఇనేష్ వ్యవహారం చూస్తోంది. తోటలోని జట్లన్నిటికీ కలిపి ఒకే మేస్త్రీని పెడతానంది. ఫ్లోరిందోకు మోకాళ్ళు అరిగాయి. ఇంకో రెండు మూడు వేసవులు మేస్త్రీగా ఉండి, తన చేతులతోనే దువార్తెకు జట్టు అప్పగించాలన్నది అతని కోరిక. అంతకుమించి ఆశ లేదు పాపం.

ఇనేష్ అందర్నీ బావి దగ్గరికి పిలిపించింది. గాయపడిన చోట బెరడు ముద్దలు కట్టి, పగిలి, ఎందుకూ పనికిరాకుండా ఉంది. పక్కన తెల్ల అంకె.

"ఈ చెట్లను దువార్తె చూపించాడు కాబట్టి సంగతి తెలిసింది. ఎవరు చేశారు?" అంది.

ఫ్లోరిందో దువార్తె వైపు చూశాడు. భయంతో కాదు, నమ్మకంతో. ఇప్పుడు చెప్తాడనుకున్నాడు.

"మేస్త్రీ గారే అప్పుడు పెద్దమ్మగారి ముందు ఒప్పుకున్నారు కదమ్మా" అన్నాడు దువార్తె నేల చూస్తూ.

"అబద్ధమమ్మా, వీడే నరికాడు" అని అమారో ముందుకొచ్చాడు.

"మా అమ్మతో ఆ మాట అన్నారా లేదా?" ఇనేష్ ఫ్లోరిందోనే అడిగింది.

"అన్నానమ్మా."

అన్న మాట నిజమే కదా, ఏం చేస్తాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే వాళ్ళను లోకం చాలామందినే చూసింది. వీడు తెప్ప నడిపినవాడి మాటతోనే తెప్పకు నిప్పు పెట్టాడు. మేస్త్రీగిరీ దువార్తెకు దక్కింది. ఆ రాత్రి బెంతా గిన్నెల్లోంచి దువార్తెది తీసి అటక మీద పడేసింది. తొమ్మిదేళ్ళు అతన్ని బిడ్డలా చూసుకున్న ఇల్లు అది.

మరుసటి వేసవికి అమారో ఊరవతల చిన్న తోట పని ఒకటి ఒప్పుకుని, ఏమీ దెప్పకుండా పాత జోడీని పిలిచాడు. ఇద్దరూ కాఫీ కొట్లో కూర్చున్నారు. అవతల బల్ల దగ్గర దువార్తె "ఎన్ని వేసవులు చేశావ్?" అని మనుషుల్ని అడుగుతున్నాడు. పెంకుల కర్మాగారం మూతపడి రోడ్డున పడ్డ ఒకామె అక్కడ కాదనిపించుకుని వీళ్ళ దగ్గరికొచ్చింది.

"గొడ్డలి పట్టడం రాదయ్యా. నేర్పితే నేర్చుకుంటా. పొద్దున్నే లేస్తా. మీరు కొత్తవాళ్ళని తీసుకుంటారని చెప్పారు."

అమారో ఫ్లోరిందో వైపు చూశాడు. వాళ్ళకు ఇంకో మనిషి అవసరమే.

"తీసుకోమమ్మా" అన్నాడు ఫ్లోరిందో, కప్పులోంచి తలెత్తకుండా.

ఆమె వెళ్ళిపోయింది.

"ఆ మాట నీ నోట వింటాననుకోలేదురా" అన్నాడు అమారో.

"నేనూ అనుకోలేదు" అన్నాడు ఫ్లోరిందో.