నకరికల్లు దాకా ఎక్కుతానంది

ఉదయం ఏడింటికి గురజాల బస్టాండులో మా ఆవిడ నాగమణి నరసరావుపేట బస్సెక్కింది. ఆ బస్సు వెనకే నేను మోటార్‌సైకిల్ మీద బయలుదేరాను. ఒకే ఇంటి నుంచి ఒకే ఊరికి మొగుడూ పెళ్ళాం విడివిడిగా పోవడం చూసి మా వీధి కోటయ్య మామ నవ్వాడు.

"ఏంది అల్లుడూ, అలిగిందా?"

అలగలేదు. కిందటేడు నడుములో డిస్కు జరిగిన దగ్గర్నుంచీ నా బండి ఎక్కనని తేల్చేసింది. అంతకుముందు రోజూ వెనక కూర్చుని పొలానికి వచ్చేది. పదిమంది ఉన్న ఇంట్లో కుదరని మాటలన్నీ మాకు ఆ దారిలోనే కుదిరేవి. ఏడాదిగా అవి లేవు. నాకు ఆ మాటలు కావాలి. ఈ రోజు ఆమె డాక్టరుకు చూపించుకునేలోగా బండిని బాగుచేయించి, ఆమెను వెనక కూర్చోబెట్టుకునే ఇంటికి రావాలని పట్టుబట్టాను.

పిడుగురాళ్ల దాకా గతుకులు, సున్నం లారీల దుమ్ము. తర్వాత హైవే మీద హాయిగా సాగి తొమ్మిది దాటాక నరసరావుపేట చేరాను. బస్టాండు దగ్గర ఇద్దరం ఇడ్లీ తిన్నాక ఆమెను ఆసుపత్రికి ఆటో ఎక్కించి మెకానిక్ షాపుకెళ్ళాను. వెనక పాత షాకబ్జర్లు తీయించి గ్యాస్‌వి వేయించాను. వెడల్పు టైరు, సీటులో మందపాటి స్పాంజి కూడా. మీరు వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, ఆలస్యమైతే మెకానిక్ ముందు బళ్ళు బారులు తీరతాయి.

"స్ప్రింగు ఎట్టా పెట్టమంటావు అన్నా?" అని అడిగాడు మెకానిక్.

"గట్టిగా బిగించు" అన్నాను, ఆలోచించకుండానే.

భోజనాలయ్యాక నాగమణి సీటును వేలితో నొక్కి చూసింది. "కుదుపు లేకపోతే కూర్చోవచ్చన్నాడు డాక్టరు. నకరికల్లు దాకా ఎక్కుతా. నొప్పి లేస్తే దిగి బస్సెక్కుతా. ఆడోళ్ళకి బస్సు ఊరికేగా!"

మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర "అమ్మా" అంది. రెండో దాని దగ్గర నా భుజం గట్టిగా పట్టుకుంది. నకరికల్లులో నడుము పట్టుకుని దిగింది.

"చానా బాగుంది నీ రిపేరు. పాతదే నయం."

నాకు ఏడుపొక్కటే తక్కువ. టీ కొట్టు ముందు ఒక రైతు రెండు మిరపకాయల టిక్కీలు కట్టిన బండిని ఆపాడు. అంత పెద్ద బస్తాలున్నా వెనక భాగం కొంచెం కూడా కుంగలేదు.

"ఎంత బరువేసినా వంగదు బావా! కొత్త బండి తేగానే స్ప్రింగు ఆఖరి మెట్టుకు బిగిచ్చా" అన్నాడు గర్వంగా.

అప్పుడు వెలిగింది నాకు. బిగించిన స్ప్రింగు బరువుకు వంగదు గానీ, కుదుపంతా కూర్చున్నవాళ్ళ నడుముకే కొడుతుంది. మా వైపు ఎవరు బండి కొన్నా చేసే మొదటి పని అదే. ఆ అలవాటు కొద్దీ కొత్త షాకబ్జర్లను కూడా టిక్కీల కోసమే బిగించమన్నాను, నాగమణి కోసం కాదు! పానా తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాను. రెండు వైపులా స్ప్రింగులను వదులు చేసేసరికి బస్సు వచ్చేసింది.

"పిడుగురాళ్ల, గురజాల! అమ్మా, ఎక్కాలి!" అని కండక్టరు కేకేశాడు.

"ఒక్క స్పీడ్‌బ్రేకర్ చూడు. తర్వాత నీ ఇష్టం" అన్నాను.

ఆమె బస్సును చూసింది, గ్రీజు అంటిన నా చేతులు చూసింది. "పోనీ అన్నా" అని కండక్టరుకు చెయ్యి ఊపింది.

ఊరు దాటగానే స్పీడ్‌బ్రేకర్. బండి మెత్తగా దిగి మెత్తగా లేచింది. నాగమణి నా భుజం పట్టుకోలేదు. పిడుగురాళ్ల దాటి గతుకుల్లో పడ్డాక కూడా "అమ్మా" అనలేదు. ఇంకాసేపటికి మా వదిన సంగతి ఎత్తుకుంది. అక్కణ్ణుంచి ఏడాది మాటలూ వరసపెట్టి వచ్చాయి. సగం నన్ను తిట్టడమే. నాకెంత సంతోషమైందో చెప్పలేను. బండి బాగుచేయించుకునేవారికి నా సలహా ఒక్కటే, వెనక ఎక్కేది ఎవరో ముందే మెకానిక్‌కు చెప్పండి.

పొద్దు గూకుతుండగా గురజాల పొలిమేరలో అన్నాను. "రేపు టిక్కీలు తేవాలిగా. మళ్ళీ బిగించాలేమో."

"టిక్కీల్ని ఆటోలో తోలు" అంది నాగమణి. "ఆ స్ప్రింగు మాత్రం ముట్టుకోమాక."