ముందు మీరు కప్పుకోండి

వృద్ధాశ్రమం స్టోరు చూసే ఆవిడను అందరూ స్టోరక్క అంటారు. భర్త చనిపోయిన ఏడాదే ఇక్కడ చేరింది, పద్దెనిమిదేళ్లయింది. ఉద్యోగంతో పాటు స్టోరు వెనక గది ఇచ్చారు. ఆమెకున్న ఇల్లూ వాకిలీ అదే. ఆమెకో పట్టింపు ఉంది. ఏ దుప్పటి వచ్చినా మధ్యాహ్నం నడుం వాల్చేటప్పుడు ముందు తను కప్పుకొని చూస్తుంది. ఒళ్లు దురద పెట్టకపోతేనే మంచాల మీదికి పంపుతుంది.

పన్ను గడువు దగ్గరపడగానే బట్టల దుకాణం యజమానికి ముసలివాళ్ల మీద ఎక్కడ లేని ప్రేమా పుట్టుకొస్తుంది. ఈసారి గోదాములో నీళ్లకు నానిన రెండు వందల దుప్పట్లు పంపాడు. మూట విప్పితే ముక్కులు పగిలే కంపు. నల్లటి బూజు. ఒకదాని మడతలో ఎండిపోయిన ఎలుక పిల్లలు. కాగితం మీద మాత్రం అన్నీ కొత్తవే, కొత్త ధరే. ఆ విలువంతా దానం కింద చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకుంటాడు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అన్నవాడైనా నయం, రసీదు అడగలేదు. దీన్ని దయ అనేవాళ్ల నోరు ఫినాయిలు పోసి కడగాలి.

రసీదు మీద 'మంచి స్థితిలో అందినవి' అన్న మాట కింద స్టోరక్క సంతకం కావాలి. పెట్టనంది. ఆశ్రమం మేనేజరు బతిమాలాడు. వినకపోయేసరికి గది సంగతి గుర్తుచేశాడు. చివరికి దుకాణం యజమానే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఏంటమ్మా, దానమిచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెడతావా?"

"లెక్కపెట్టను బాబూ. ఇది కాసేపు కప్పుకోండి. మీకు దురద పుట్టకపోతే సంతకం పెట్టేస్తా."

"నేను కప్పుకోవడమేంటి? నాకేం ఖర్మ?"

"మరి వాళ్లకేం ఖర్మండీ?"

యజమాని మేనేజరు వంక చూశాడు. మేనేజరే సంతకం గీకిచ్చి, ఆమె దగ్గర తాళాలు లాక్కుని, సాయంత్రంలోగా గది ఖాళీ చెయ్యమన్నాడు.

ఆమె ట్రంకు పెట్టె మోసుకుంటూ హాలు దాటుతుంటే ఆయాలు దుప్పట్లు పంచుతున్నారు. కిటికీ పక్క మంచం పెద్దాయన తన వంతు దుప్పటి ఒళ్లో పెట్టుకుని పిలిచాడు.

"తల్లీ, ఇది నువ్వు కప్పుకొని చూశావా?"

"లేదు బాబాయ్. కప్పుకోకు."

ఆయన దాన్ని కిందికి తోసేశాడు. పక్క మంచం ఆవిడా తోసేసింది. చూస్తుండగానే హాలంతా నేల మీద దుప్పట్లే.

కాగితం మాత్రం అప్పటికే యజమాని జేబులో గేటు దాటిపోయింది.