మా ఆవిడ చెవిన పడ్డ టర్కీ భాష

పన్నెండేళ్ళుగా చిలకలూరిపేట స్పిన్నింగ్ మిల్లులో నాది నైట్ షిఫ్టే. టర్కీ నుంచి కొత్త మిషన్ బిగించడానికి ఫిట్టర్ వస్తున్నాడనగానే మా ఓనరు నన్ను పిలిచి, "ఏవయ్యా, నెల రోజులు ఆయనతో మాట్లాడి నెట్టుకొచ్చావంటే నిన్ను పగలు ఆఫీసులో వేస్తా" అన్నాడు. నాకింకేం కావాలి? ఆ రోజే ఫోన్‌లో టర్కీ పాఠాలు మొదలుపెట్టాను.

మొదట్లో తేలిగ్గానే ఉంది. ఇంటిని ఎవ్ అంటారు. ఎవ్‌లెర్ అంటే ఇళ్ళు, ఎవ్‌లెరిమిజ్ అంటే మా ఇళ్ళు, ఎవ్‌లెరిమిజ్‌దె అంటే మా ఇళ్ళల్లో. మనలాగే వెనక తోకలు తగిలించుకుంటూ పోవడమే. తీరా గది అనే మాట దగ్గరికొచ్చేసరికి ఓడా, ఓడాలర్! లెర్ కాస్తా లర్ ఎందుకైందిరా బాబూ అని ఒళ్ళు మండింది. మాటలో చివరి అచ్చును బట్టి తోక మారుతుందట. పెద్ద పట్టిక గీసి, గోడకి అంటించి బట్టీ పట్టాను.

మా ఆవిడ పక్కనే మిరపకాయల తొడిమలు తీస్తూ ఆ పాఠాలన్నీ వినేది. ఒకరోజు "పట్టిక ఎందుకండీ దీనికి? బండికి అంటాం, పువ్వుకు అంటాం. బండికు అంటే నోరొప్పుకుంటుందా? అదీ అంతే" అంది.

"చాల్లే, నీ తొడిమలు చూసుకో" అన్నాను.

మూడు నెలలకి ఫిట్టర్ వచ్చాడు. నేను ముందే కూర్చుకున్న వాక్యం వదిలితే నవ్వుతూ మెచ్చుకునేవాడు. తిరిగి ఆయన గడగడా మాట్లాడితే ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! మూడోరోజుకే ఓనరు నావంక అదోలా చూశాడు. పగటి ఉద్యోగం జారిపోతోందని అర్థమైంది. మంచి చేసుకుందామని ఆదివారం ఓనర్నీ ఫిట్టర్నీ ఇంటికి భోజనానికి పిలిచాను.

తిన్నాక ఫిట్టర్ గుండెమీద చెయ్యి పెట్టుకుని మా ఆవిడతో "ఎల్లెరినిజె సాలక్" అన్నాడు. లెర్ ఒకటి, ఇనిజ్ ఒకటి అని నేనింకా తోకలు ఊడబీక్కుంటున్నాను. ఆవిడ చటుక్కున "ఆఫియెత్ ఒల్సున్", అంటే తిన్నది ఒంటబట్టాలి, అని బదులిచ్చి, "నా చేతులు చల్లగా ఉండాలంటున్నారండీ" అని నాకు చెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ పిల్లల గురించి, పచ్చడి కారం గురించి ఒకటే కబుర్లు. నాకు సిగ్గేసింది. అబద్ధమెందుకు, కుళ్ళుకున్నాను కూడా.

ఓనరు చెయ్యి తుడుచుకుంటూ, "అమ్మా, రేపట్నుంచి మిల్లుకి వస్తావా?" అన్నాడు.

ఫిట్టర్ వెళ్ళిపోయినా ఆ పగటి ఉద్యోగం ఆవిడదే అయింది, టర్కీ వాళ్ళ ఫోన్లన్నీ ఆవిడే చూస్తుంది. నేను పొద్దున షిఫ్టు దిగి గేటు దగ్గరికొచ్చేసరికి క్యారేజీ పట్టుకుని ఆటో దిగుతూ ఉంటుంది. "ఇడ్లీలు మూతపెట్టి ఉంచా, తినేసి పడుకోండి" అంటుంది. వాచ్‌మన్ లేచి నిలబడి ఆవిడకి నమస్తే పెడతాడు. పన్నెండేళ్ళలో నాకెప్పుడూ పెట్టిన పాపాన పోలేదు. అయినా ఏమిటో, నాకే పెట్టినంత సంతోషంగా ఉంటుంది.