లోపలికి తిరిగిన వెంట్రుక

మా అవ్వ కుడికన్ను కొన్నేళ్లపాటు ఆగకుండా కారింది. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. ఎడమకంట్లో అప్పటికే పువ్వు పడింది, అంటే నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ పరుచుకుని చూపు పోయింది. లోకాన్ని చూడటానికి ఆమెకు మిగిలింది కారుతున్న ఆ ఒక్క కన్నే. అదీ పోతే ఎట్లా అన్న మాట మా ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

దేవరుప్పుల దగ్గరి మా ఊళ్లో మాత్రం ఆ కన్ను ఎందుకు కారుతోందో తెలియనివాళ్లు లేరు. పొయ్యి పొగ అన్నారు కొందరు. మిరపకల్లంలో కూలి పని అన్నారు ఇంకొందరు. బాపు పోయినప్పుడు సరిగ్గా ఏడవలేదు కాబట్టి ఆ ఏడుపంతా ఇప్పుడు బయటికి వస్తోందని మా వాడకట్టులో ఒకామె తేల్చింది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. బాపు పోయినప్పుడు అవ్వ ఎంత ఏడ్చిందో పక్కన కూర్చున్నదాన్ని, నాకు తెలియదా?

వైద్యాలకు కూడా కొదవ లేదు. నందివర్ధనం పూలు కంటి మీద పెట్టి గుడ్డ కట్టడం, రెప్పలకు ఆముదం రాయడం, పచ్చి బాలింత ఎవరైనా ఉంటే రెండు చుక్కల చనుబాలు పిండించుకోవడం. నేను మానుకోటలో టీచర్ని. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా కొత్త వైద్యం ఏదో ఒకటి నడుస్తుండేది. అవ్వ వెలుతురుకు ఓర్వలేకపోయేది. గడప దాటితే కొంగు ముఖం మీదికి లాక్కునేది. ఎండ పొద్దున ఆ కన్ను కూడా మూసుకునే ఉండేది. ఎవరితో మాట్లాడినా తల వంచి, నేలతో మాట్లాడినట్టే మాట్లాడేది.

వీటన్నిటిలో నిజంగా పనిచేసిన వైద్యం ఒక్కటే, అవుసలాయనది. మా ఊరి కంసాలిని అందరూ అట్లాగే పిలిచేవారు. ఆయన దగ్గర ముక్కుపుల్ల మరలు పట్టుకునే సన్నటి పట్టుకారు ఉండేది. కంట్లో ఏదైనా గుచ్చుకుంటే ఊరివాళ్లు ఆయన అరుగు మీదికి వెళ్లి ఎండకెదురుగా కూర్చునేవారు. అవ్వ రెప్ప వెంట్రుకలు కొన్ని బయటికి కాకుండా లోపలికి, గుడ్డు వైపు పెరుగుతున్నాయని మొదట చూసింది ఆయనే. పట్టుకారుతో ఒక్కొక్కటీ పీకేసేవాడు. పీకిన రోజు నుంచి కన్ను తేటబడేది. అవ్వ కొంగు తీసి, తల ఎత్తి నడిచేది. కొన్నాళ్లకు మళ్లీ మొదలు. మళ్లీ అరుగు, మళ్లీ పట్టుకారు. ఇంట్లో ఎవరికీ ఇందులో తప్పు కనపడలేదు. గడ్డం పెరిగితే గీయించుకోమా, ఇదీ అంతే అనుకున్నాం.

తెలంగాణ కోసం ఊళ్లన్నీ రోడ్డెక్కిన రోజులు వచ్చాయి. బడులు మూతపడ్డాయి, నేను ఇంటికి వచ్చి ఉన్నాను. ఒకరోజు వాకిట్లో అవ్వ తలకు నూనె పెడుతూ రెప్ప పైకెత్తి చూశాను. నల్లగుడ్డు అంచున నువ్వుగింజంత తెల్లటి మచ్చ కనపడింది. ఎడమకంట్లో పువ్వు కూడా అంచు నుంచే మొదలైంది. మచ్చ సంగతి అవ్వకు చెప్పకుండా మర్నాడే జనగామ తీసుకుపోయాను.

డాక్టరమ్మ రెప్పను తిరగేసి దీపం పెట్టి చాలాసేపు చూసింది. చిన్నతనంలో కండ్లకలకలు మళ్లీ మళ్లీ వచ్చి రెప్ప లోపల పుండ్లు పడి మానాయట. ఆ మచ్చలు ముడుచుకుని రెప్ప అంచును లోపలికి లాగుతున్నాయట. అవ్వ రెప్ప ఆడించినప్పుడల్లా వెంట్రుకలు గుడ్డు మీద గీస్తుంటే, కన్ను దాన్ని కడుక్కోవడానికి నీళ్లు తెచ్చుకుంటోంది, వెలుతురు పడకపోవడం కూడా అందుకేనంది. ఎన్నాళ్లుగా పీకిస్తున్నారని అడిగింది. చెప్పాను. పీకినప్పుడు కొన్ని మొదలుదాకా రాక సగంలో తెగుతాయని, పొడవాటి వెంట్రుక వంగుతుంది గానీ తెగిన మొదలు వంగదని, ఎక్కువగా గుచ్చుతున్నవి అవేనని చెప్పింది. రెప్పను చిన్నగా కోసి, అంచును బయటికి తిప్పి కుట్లు వేయాలి. పెద్ద ఆపరేషనేమీ కాదు, ఆలస్యం చేస్తే మాత్రం మచ్చ మధ్యకు వస్తుందని అంది.

అవ్వ ససేమిరా అంది. పత్తి ఏరడం అయ్యాక అంది, బతుకమ్మ పోయాక అంది. అసలు భయం మాత్రం కత్తి. భూపాలపల్లిలో ఉండే మా అక్క ఫోన్లో నన్ను దులిపేసింది. అక్కడ మా బావ బొగ్గుబాయి సమ్మెలో ఉన్నాడు, ఇంటి నిండా పరేషాన్లు, ఆ కోపం కూడా కలిపి నా మీద పోసింది.

"ఉన్నదే ఒక్క కన్ను. దానికి కత్తి పెట్టిస్తవా? ఏమన్న అయితే నా గడప తొక్కకు."

నేను మాట పడే మనిషిని కాదు. అయినా ఆ రోజు పడ్డాను, ఎందుకంటే అక్క అడిగిన ప్రశ్నే నన్ను నేనూ అడుగుతున్నాను. చివరికి అవ్వను ఒప్పించింది నేనూ కాదు, డాక్టరమ్మా కాదు. ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుతూ చాట పక్కన పెట్టేసింది. రాయేదో గింజేదో తెలుస్తలేదంది. పద పోదామంది.

ఆపరేషన్ రోజు బంద్. బస్సులు లేవు. ఊళ్లో ఆటో అతన్ని బతిమాలితే, అద్దం మీద 'దవాఖాన' అని కాగితం అంటించి తీసుకుపోయాడు. పొద్దున ఆటంకం ఏమీ లేదు. సూది మందిచ్చి, మెలకువగా ఉండగానే రెప్ప కోసి కుట్లు వేశారు. కంటి మీద దూది పెట్టి కట్టు కట్టారు. రేపు పొద్దున వచ్చి విప్పించుకోవాలి, అప్పటిదాకా నీళ్లు తగలొద్దు, దుమ్ము తగలొద్దు, అన్నిటికంటే ముఖ్యం పొగ తగలొద్దు అని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పి పంపింది.

తిరుగు దారిలో రోడ్డంతా వంటావార్పు. అప్పట్లో ఉద్యమం చేసే తీరు అది. ఊరూరి జనం రోడ్డు మధ్య రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, బండ్లన్నీ ఆపేసేవారు. మామూలు రోజైతే నేనూ కూర్చునేదాన్నే. ఆ రోజు మాత్రం చూపు ఆనినంత దూరం పొయ్యిలు, పొగ. ఆటో ఆపారు. నేను దిగి, ముందున్న ఒక పెద్దామె దగ్గరికి పోయి విషయం చెప్పాను. ఆమె ఆటోలోకి తొంగి చూసింది. అవ్వ కట్టు చూసింది, రెండో కంట్లో పువ్వు చూసింది.

"ఉన్నది గదొక్కటేనా?" అంది.

అవునన్నాను. ఆమె వెనక్కి తిరిగి పొయ్యిలు ఆర్పమని కేకేసింది.

అరగంట తర్వాతైనా దారి వదలమని అడగడానికి దిగినదాన్ని, ఇంత దయ వస్తుందని నేను అనుకోలేదు. ఆడవాళ్లంతా ఒక్కసారే లేచారు. ఎసట్లో బియ్యం సగం ఉడికి ఉంది, పప్పు ఉడికే గంజులు పొంగుతున్నాయి. ఎవరూ ఆలోచించలేదు. బిందెలు ఎత్తి మండుతున్న కట్టెల మీద బడబడా నీళ్లు పోశారు. ఇంట్లో రోజూ పొయ్యి ఊదే మనుషులే అందరూ, మండే కట్టె మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో వాళ్లకు తెలియక కాదు. అన్ని పొయ్యిల నుంచి తెల్లటి పొగ, బూడిద ఒకేసారి లేచాయి. మనిషికి మనిషి కనపడలేదు. మళ్లీ వాళ్లే కంగారుపడి చాటలతో, పళ్లాలతో విసరడం మొదలుపెట్టారు. కొందరు ఆటో చుట్టూ నిలబడి కొంగులు అడ్డం పట్టారు. దగ్గుతున్నారు, దగ్గుతూనే పట్టుకుని నిలబడ్డారు. నాకు కోపం తలకెక్కింది గానీ తిట్టడానికి నోరు రాలేదు. వాళ్ల అన్నమంతా మా కోసం ఆగిపోయింది మరి. లోపలి నుంచి అవ్వ మాత్రం పప్పు ఉడికిందో లేదో అడగమని నన్ను పోరుతోంది.

ఇల్లు చేరేసరికి కట్టు తడిసింది. సాయంత్రానికి అంచులు ఎర్రగా అయ్యాయి. కుట్లు తెగాయా, లేక నీళ్లేనా? విప్పి చూసే ధైర్యం లేదు, విప్పొద్దని చెప్పారు కూడా. అక్క ఫోన్ మోగింది, ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి? నాకు అంత భయం బాపు పోయినప్పుడు కూడా వేయలేదు. అప్పుడు జరగాల్సింది జరిగిపోయింది, చేయడానికి ఏమీ లేదు. ఈసారి చేయించినదాన్ని నేనే.

తెల్లవారి మళ్లీ అదే ఆటో, అదే దారి. రోడ్డుకు అడ్డం పెట్టిన బండలను నిన్నటి ఆడవాళ్లే దొర్లించి దారి ఇచ్చారు. పెద్దామె దగ్గరికి వచ్చి, కన్ను ఎట్లుందని అడిగింది. నాకే తెలియదని చెప్పాను. ఆమె ఆటో కమ్మీ పట్టుకుని కొంతదూరం మా వెంట నడిచి ఆగిపోయింది.

డాక్టరమ్మ కట్టు విప్పుతుంటే నేను గోడ వైపు చూశాను. దూది తీసి, తుడిచి, దీపం పెట్టి చూసింది. కుట్లు గట్టిగానే ఉన్నాయంది. ఆ ఎరుపు కోసిన చోట ఊరిన కొద్దిపాటి నెత్తురు, మిగతాది పొగకు కారిన నీళ్లు. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇన్నేళ్లు ఇంత కారినా ఈ కన్ను లోపల ఎండిపోయే ఉందట, కంటిని తడిగా ఉంచాల్సిన నీళ్లు వేరు, గుచ్చుకుంటే ధారగా కారే నీళ్లు వేరట. అందుకని కన్నీళ్ల బదులు చుక్కల మందు చాలాకాలం వేసుకోవాలి. ఇన్నేళ్లు ఊరికే కారిన దానికి ఇప్పుడు కొని పోయాలా అని అవ్వ కళ్లు మూసుకునే గొణిగింది.

కన్ను తెరవమన్నారు. తెరవలేదు. గుచ్చుకుంటుందని ఆమెకు అలవాటైన భయం. డాక్టరమ్మ మెల్లగా ఇంకోసారి చెప్పింది. రెప్ప కొంచెం లేచింది, వణికింది, ఇంకొంచెం లేచింది. కిటికీ నుంచి పొద్దు నేరుగా ముఖం మీద పడుతోంది. అవ్వ కొంగు కోసం చెయ్యి ఎత్తింది, సగంలోనే చెయ్యి దించేసింది. డాక్టరమ్మ వేళ్లు చూపించి ఎన్ని అని అడిగింది. అవ్వ వేళ్ల వైపు చూడలేదు. తల ఎత్తి నా వైపు తిరిగి, చాలాసేపు చూసింది.

"గీ తెల్లెంటికలు ఎప్పుడొచ్చినయి బిడ్డా?"

అవి వచ్చి నాలుగేళ్లు. వచ్చిన ప్రతి సెలవుకూ ఆమె ఎదురుగా కూర్చునే తల దువ్వుకున్నాను.