బుధవారానికి తీసిన టికెట్లు

కర్నూలులో కంటి డాక్టరు ఆ మాట చెప్పిన రోజు నేను బస్టాండు బయట టమోటాలు కొన్నాను. మెత్తబడినవి ఏరి పక్కన పెట్టి గట్టివే సంచిలో వేయించుకున్నాను. మా ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లకు నీటికాసులట, అదే గ్లాకోమా. పోయిన చూపు తిరిగి రాదట. మిగిలినది ఈ ఎండాకాలం దాటితే ఏపాటి ఉంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు. నాకు ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. ఇంటికొచ్చి టమోటా పప్పు చేశాను. ఉప్పు కూడా సరిగ్గా సరిపోయింది.

మాది ఎమ్మిగనూరు. ఆయన మగ్గం నేస్తాడు. దుప్పట్ల అంచుల్లో ఏ రంగు పక్కన ఏ రంగు పడాలో మా వీధిలో నేతగాళ్లందరూ ఆయన్నే అడిగేవాళ్లు. నేను ఆదోనిలో ప్రభుత్వ బడిలో సోషల్ పాఠం చెబుతాను, రోజూ బస్సులో పోయి వస్తాను. ఇంట్లో మేమిద్దరమే. పిల్లలు లేరు. ఆ సంగతికి ఏడవాల్సినదంతా ఎప్పుడో ఏడ్చేశాం, అందుకే ఇప్పుడు నా దగ్గర ఏమీ మిగల్లేదేమో అనుకునేదాన్ని.

డాక్టరును చూసొచ్చిన నాలుగో రోజు పొద్దున ఆయన ఫోన్ ముక్కుకు ఆనించుకుని ఏదో చూస్తున్నాడు. ఆయన చూపు పక్కలనుంచి మూసుకుపోతూ వచ్చింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనబడుతుంది.

“ఏమే, గోవాలో కార్నివాల్ అంట. ఇట్లా సూడు” అని ఫోన్ నా వైపు తిప్పాడు. పెద్ద పెద్ద బొమ్మల బండ్లు, ఈకల టోపీలు పెట్టుకున్న మనుషులు, వీధి మొత్తం రంగులు. “ఇది ఒక్కసారి సూడాల నేను.”

ఆయన నన్ను ఏదీ అడిగే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో సినిమాకు పోదామని అడగడానికి కూడా వారం పట్టింది. “పోదాం” అన్నాను. సంతోషం వేసిందా అంటే లేదు. బడిలో పై ఆఫీసువాళ్లు ఏదైనా లిస్టు అడిగితే సరేనన్నట్టే అన్నాను.

ఆ వారంలోనే మా ఊరి జాతర మొదలైంది. మా జాతర గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే జరిగిన పొరపాటుకు మూలం అదే. పుష్య మాసంలో పున్నమికి తేరు లాగుతారు. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఎమ్మిగనూరులోనే ఉంటాయి. ఊళ్లో వాళ్లం మాత్రం ఆ రోజు జాతర చూడం. వచ్చిన చుట్టాలకు వండి పెట్టడంతోనే పొద్దుపోతుంది. తేరు అయిపోయాక అంగళ్లు, రంగులరాట్నాలు మూడు నాలుగు వారాలు ఉంటాయి. జనం పలచబడ్డాక, తాపీగా, ఏ రెండో వారమో మూడో వారమో మేం పోతాం. బుద్ధి ఉన్నవాడెవడూ తేరు రోజు జాతరకు పోడని మా అత్త అనేది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ పండగంటే అంతే.

ఆదోనిలో మా బడి దగ్గర ఒక భాయ్ నెట్ సెంటర్ ఉంది. ఒకరోజు బడి వదిలాక అక్కడికి పోయి గోవా కార్నివాల్ ఎప్పుడో చూడమన్నాను.

“వచ్చేది కాక ఆపై శనివారం మొదలు అని ఉండాది మేడమ్. గుంతకల్ నుంచి గోవా బండికి సీట్లు ఉండాయి. శనివారం దిగేట్టు తీసేద్దామా?”

“వద్దు భాయ్, శనివారం జనం విరగబడతారు. బుధవారం దిగేట్టు తీయండి.”

నేను అంత ఆలోచించి చెప్పాను. జనంలో ఆయనకు పక్కనుంచి వచ్చేది కనబడదు. ఎవరి భుజం తగిలినా పడిపోతాడు. మొదటి రోజుల తొక్కిడి తగ్గాక పోతే, తాడు కట్టినచోట ముందు వరసలో నిలబెట్టి చూపించవచ్చు. నాలుగు రోజులు ఆగితే పోయేదేముంది? అది ఎన్నాళ్లుంటుందని భాయ్‌ని అడగాలని కూడా నాకు తోచలేదు. పోర్చుగీసువాళ్లు గోవాను ఏ ఏడు విడిచిపోయారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పిల్లలకు ‘మన పండుగలు’ పాఠం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లయింది.

టికెట్లు చూపిస్తే ఆయన కాగితాన్ని చాలాసేపు పట్టుకున్నాడు. ఆ రోజునుంచి ప్రయాణం మాటే మాట్లాడేవాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. సముద్రం గాలికి మఫ్లర్ కావాలా అని అడిగాడు. మగ్గం మీద మాత్రం తెల్ల తువ్వాళ్లే నేస్తున్నాడు. రంగుల దుప్పట్లు ఏమయ్యాయంటే, “నూలిచ్చే చేనేత సంఘమోళ్లు ఇప్పుడు తెల్ల తువ్వాళ్లే అడుగుతాండారు” అన్నాడు. నేను సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరే అనేదాన్ని.

ప్రయాణం మంగళవారం రాత్రి. ఆ రోజు ఒంటిపూట సెలవు పెట్టుకుని పొద్దున బడికి పోయాను. మొదటి పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూంలో మా లెక్కల మేడమ్‌కు సెలవు సంగతి చెప్పాను. ఆమె క్రైస్తవురాలు, నాకంటే పదేళ్లు చిన్నది.

“కార్నివాల్‌కా? రేపు దిగి ఏం చూస్తారు మేడమ్?” అంది ఆమె. “ఈరోజు సాయంత్రంతో అయిపోతాది కదా. రేపు మాకు భస్మ బుధవారం. రేపటినుంచి నలభై రోజులు ఉపవాసాలు. ఆ ఉపవాసాలకు ముందు తిని తాగి ఆడి పాడేదే కార్నివాల్. ఈరోజు దాటితే ఉండదు.”

“అవునా” అన్నాను.

అవునా అన్నాను, అంతే. బయట గంట కొట్టారు. తొమ్మిదో తరగతికి పోయి నదుల పాఠం చెప్పాను. తర్వాత ఎనిమిదో తరగతికి పోయి పటంలో పశ్చిమ కనుమలు గుర్తించమన్నాను. ఒక పిల్ల గోవా ఎక్కడ మేడమ్ అంటే కర్రతో చూపించాను. నా మొగుడు నోరు తెరిచి అడిగిన ఒకే ఒక్కదాన్ని నా చేతులతో నేనే పాడుచేశానని మాత్రం బాగా తెలుసు. ఆ తెలియడం వేరే ఎవరి సంగతో విన్నట్టు ఉంది. మధ్యాహ్నం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పత్తి ఏరేసిన చేలలో ఎండుకట్టెలు తప్ప ఏమీ లేవు. ఆయనకు ఎలా చెప్పాలా అని కూడా ఆలోచించలేదు.

ఇంటికి పోయేసరికి కొత్త చొక్కా వేసుకుని, బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకుని, గడప పక్కన కుర్చీలో కూర్చున్నాడు. బండి రాత్రి పదికి. ఇంకా రెండు కూడా కాలేదు.

చెప్పులు విడిచి, నిలబడే చెప్పేశాను. నా తప్పే, ఎన్నాళ్లుంటుందో అడక్కుండా మన జాతర లెక్కన అనుకున్నాను, ఈరోజుతో అయిపోతుంది, అన్నాను.

ఆయన బ్యాగును కాలితో గోడ వైపు జరిపాడు. తర్వాత నవ్వాడు. “నాకు మాత్రం తట్టిందా? తేరు రోజు పోకూడదనే కదా నేనూ అనుకున్న్యా” అన్నాడు.

“ఊరికే సముద్రం చూసొద్దామా మరి?”

“ఉపాసం ఉండేవాళ్ల ఊరికి పోయి వాళ్ల ముందర మనం ఏం తిందుమే” అన్నాడు. చొక్కా గుండీలు తడుముకున్నాడు కానీ విప్పలేదు. “కొత్త చొక్కా తొడుక్కున్న్యా కదా. పా, మన జాతరకన్నా పోదాం. ఇంకా ఎత్తేసినారో లేదో.”

ఇంకా ఎత్తేయలేదు. ఎండ దిగాక పోయాం. సగం అంగళ్లు ఖాళీ, పెద్ద రాట్నం ఒక పక్కనుంచి విప్పుతున్నారు. మిగిలిన మిఠాయి అంగళ్ల ముందు ఈగలు తప్ప జనం లేరు. ఆయన నా మోచేయి పట్టుకుని నడిచాడు. ఆయనకు ఎవరి భుజమూ తగల్లేదు, నేను కోరుకున్నట్టే.

గాజుల అంగడి దగ్గర ఆగాడు. ఏటా జాతరలో నాకు గాజులు ఆయనే ఏరి కొంటాడు. నా చీర చూసి, కర్రలకు తొడిగిన గాజులు చూసి, అంగడి ఆమె చెప్పేది వినకుండా ఒక్కటే చూపిస్తాడు. అది ఎప్పుడూ సరిగ్గా ఒప్పుతుంది. ఆరోజు కొంచెం సేపు తడిమి ఒక డజను తీశాడు.

“ఈ ఎర్రవి బాగుండాయే. ఇవి ఏసుకో.”

ఆయన చేతిలో ఉన్నవి ముదురు పచ్చ గాజులు. అంగడి ఆమె నోరు తెరవబోయింది. వద్దని నేను తల అడ్డంగా ఊపాను. చేయి చాచాను. ఆమె నా అరచేయి నొక్కి ఒక్కొక్కటీ ఎక్కిస్తుంటే, మూడో గాజు దగ్గర ఏడుపు వచ్చింది. కర్నూలులో రానిది, బడిలో రానిది, అంతా ఒక్కసారే వచ్చింది. మనుషుల ముందు అంత గట్టిగా నేను ఎప్పుడూ ఏడవలేదు. అంగడి ఆమె నా చేయి వదిలేసింది.

ఆయన ఆ చేతిని వెతికి పట్టుకున్నాడు. గాజుల మీద బొటనవేలు పెట్టి తిప్పాడు.

“ఎర్రవి కావా?” అన్నాడు.

“పచ్చవి.”

తల ఊపాడు. “సంఘమోళ్లు తెల్లవి అడగలేదే. రంగుల నూలు నేనే వద్దన్న్యా” అన్నాడు. నా చేయి వదలకుండానే, “గోవాలో అంత పెద్ద పెద్ద రంగులు కదా, ఎండలో దగ్గరనుంచి సూస్తే ఇంకా తెలుస్తాయేమో అనుకున్న్యా” అన్నాడు.