చచ్చిపోయిన మనిషి మళ్ళీ కనబడిన వారం

జంషెడ్‌పూర్‌లో ఇళ్ళకి టీవీలు వస్తున్న కొత్తలో, వారానికి ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఒక హత్య కథ వచ్చేది. ఒకాయన తలకు దెబ్బ తగిలి తానెవరో మరచిపోతాడు. అదే రోజు ఆయన భార్యను ఎవరో చంపేస్తారు. చంపింది తానేనేమోనని ఆయనకే అనుమానం. పదమూడు వారాలు నడిచింది.

అగ్రికో కాలనీలో మా కంపెనీ క్వార్టర్ల వరసలో టీవీ ఉన్నది పక్కింటి బీహారీ ఆవిడకే. భాభీ అని పిలిచేదాన్ని. వరసలో ఆడవాళ్ళంతా చేరేవారు. నేను గుమ్మం పక్కన, చాప చివర కూర్చునేదాన్ని. కూరగాయలు బేరమాడేంత హిందీయే నాది. టీవీలో వాళ్ళ హిందీ సగం అందేది కాదు. బొమ్మను చూసి మిగతా సగం పూరించుకునేదాన్ని.

మా ఇంటాయనకు ఆ వేళ ఎప్పుడూ కుదరదు. పొద్దుటి డ్యూటీ వారం తొమ్మిదికి గురక పెట్టేవాడు. మధ్యాహ్నం డ్యూటీ వారం కంపెనీలోనే ఉండేవాడు. రాత్రి డ్యూటీ వారం అప్పుడే సైకిలెక్కేవాడు.

నేను శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పెళ్ళయి వచ్చి అప్పటికి ఆరేళ్ళు. పిల్లల్లేరు. ఆయన నన్ను కొట్టిందీ లేదు, తిట్టిందీ లేదు. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే గొప్ప. నీళ్ళు తోడినావేటి, డబ్బా కట్టు, తలుపేసుకో. అంతే.

మొదటి వారం కథ వచ్చిన మర్నాడు, అన్నం తింటూ అడిగాడు.

"రాత్తిరి ఆలింట్లో ఏటి సూసినావు?"

చెప్పాను. దెబ్బ తగలడం, ఆసుపత్రి, శవం. చేతికి అంటిన అన్నం ఎండిపోయేదాకా విన్నాడు. నేను చెప్పేది ఎవరైనా అంతసేపు వినడం నాకు అదే మొదలు. ఆ తర్వాత ప్రతి వారమూ అడిగాడు. నేనూ సిద్ధంగా ఉండేదాన్ని. బియ్యంలో రాళ్ళేరుతూ ఏది ముందు చెప్పాలో, ఏది దాచి చెప్పాలో అనుకునేదాన్ని.

అయిదో వారం, చచ్చిపోయిన భార్య ఎర్రచీర కట్టుకుని వంటింట్లో టీ కాస్తూ కనబడింది. అంతకు ముందు తెర మీద ఏవో తెల్లటి అక్షరాలు వచ్చి పోయాయి. నేను చదవడం నేర్చింది యాభై దాటాక. అప్పటికి ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. అక్షరాలు వచ్చినప్పుడల్లా పైట సర్దుకోవడమో, కాలు మార్చి కూర్చోవడమో చేసేదాన్ని.

మర్నాడు మా ఇంటాయనతో అన్నాను.

"ఆ మనిసి సావనేదు! తిరిగొచ్చీసినాది. మొగుడికి టీ ఇత్తన్నాది."

"మరి ఆ సవమెవుల్దే?"

"ఆల అప్పదై ఉంటాది. ఇద్దరూ ఒక్కలాగే ఉంటారు గావాల."

అక్క ఉందన్నది నేను కల్పించిందే. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఒలమ్మ! ఇది ఎవుల్కీ తట్టనేదు" అన్నాడు.

రెండు రోజుల తర్వాత ఆయన స్నేహితుడు వచ్చాడు. పలాస వైపు మనిషి, నన్ను వదినా అంటాడు. గుమ్మంలోంచే నవ్వుతున్నాడు.

"ఏటి వదినా, మీ టీవీలో సచ్చినోలు టీలు కాత్తన్నారటేటి? మాయమ్మ పోయి మూడేళ్ళయినాది. ఓపాలి ఎతికి సెప్పు, అందులో ఎక్కడైనా ఉందేమో! అన్న కంపెనీ కేంటీన్లో బల్ల గుద్ది మరీ సెప్పినాడు. బీహారీ పిల్లలు ఇంకా నవ్వుతన్నారు."

మా ఇంటాయన తల వంచుకుని చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నాడు.

"దానికి ఏటి తెలుసురా, ఎర్రిది" అన్నాడు.

ఆ సాయంత్రం భాభీని అడిగాను. ఆవిడ నవ్వలేదు. "లిఖా తో ఆయా థా, తీన్ మహీనే పెహలే" అంది. మూడు నెలల కిందట అని రాసి వచ్చిందట. అది జరిగిపోయిన సంగతి. ఆ భర్తకు కొంచెం కొంచెంగా గుర్తుకొస్తున్న సంగతి. గుర్తుకొచ్చేదాన్ని అలా కళ్ళకు కట్టి చూపిస్తారని నాకెవరు చెప్పారు?

మరుసటి వారం ఆయన అడగలేదు. ఆ పై వారమూ అడగలేదు. కేంటీన్లో తెలుసుకుంటున్నాడని అర్థమైంది. అయినా నేను వెళ్తూనే ఉన్నాను. అక్షరాలు వచ్చినప్పుడల్లా భాభీ మోచేయి తాకితే ఆవిడ చదివి చెప్పేది. ఇక కథ తప్పుగా అర్థమయ్యేది కాదు. మర్నాడు గరిటె పట్టుకుని ఆయన ఎదురుగా కూర్చునేదాన్ని. ఆయన తిని, చేయి కడుక్కుని లేచేవాడు. నా అంతట నేను మొదలుపెట్టడానికి నోరు రాలేదు.

కథ ముగిసిన మర్నాడు ఆయనది మధ్యాహ్నం డ్యూటీ. బయల్దేరే ముందు భోజనానికి కూర్చున్నాడు. పప్పు కలుపుకుంటూ, కంచంలోకి చూస్తూ అన్నాడు.

"అయిపోయినాదా ఆ కత?"

"అయిపోయినాది."

"ఎవులట, సంపినోడు?"

నా దగ్గర అంతా ఉంది. చంపింది రోజూ ఇంటికొచ్చి మందిచ్చే డాక్టరు. ఆ భర్తకు చివరికి అన్నీ గుర్తొచ్చాయి, భార్య గొంతు తప్ప. ఆ ముక్క చెప్పాలనే రాత్రంతా అనుకున్నాను. ఎనిమిది వారాలుగా ఎదురుచూసిన మాట ఆయన నోట వచ్చింది. నాకెందుకో ఒళ్ళు మండింది.

"నాను సూడనేదు. కూకున్నకాడే నిద్దరొచ్చీసినాది" అన్నాను.

ఆయన తలెత్తి నా వైపు చూశాడు. ఇంకేదో అంటాడనుకున్నాను.

"సర్లే. కేంటీన్లో సెప్తారులే" అన్నాడు.

డబ్బా తగిలించుకుని సైకిలెక్కి వెళ్ళాడు. ఆ తర్వాత ఎన్ని కథలు వచ్చినా నన్ను అడగలేదు.

ఆ మధ్యాహ్నం గిన్నెలు తోముతూ ఆ కథను మొదటి నుంచి చివరిదాకా పైకే చెప్పుకున్నాను. ఆయన ఎక్కడెక్కడ ముద్ద ఆపి వింటాడో అక్కడక్కడ నేనూ కాసేపు ఆగాను.