‘కూలీ’ అన్న మాట కొట్టేసినందుకు

ఆ పెద్దాయనంటే నాకు మొదటినుంచీ గిట్టేది కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఊపందుకున్న రోజుల్లో నేను సింగపూర్ వచ్చాను. ఉగాది సభలో పరిచయం చేసుకోబోతే, "కంపెనీ టిక్కెట్టు కొంటే ఇమానమెక్కి వొచ్చినావు. మావోలు ఓడ అడుగున వొచ్చినారు, తెలుసునా?" అని నలుగురిలో అడిగాడు. తెలియదన్నాను. "ఎలా తెలుస్తాది లే" అని మొహం తిప్పేసుకున్నాడు.

ఆయన మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోటలో పుట్టినవాడు. ముప్ఫై ఏళ్ళుగా తెలుగు సంఘానికి కార్యదర్శి. తోటల్లోకీ రేవులోకీ కూలికొచ్చిన మనవాళ్ళ ఫొటోలు, ఉత్తరాలు, ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు ఆంగ్ మో కియో పేటలోని తన ఫ్లాట్‌లో పెట్టెలనిండా దాచాడు. ఎవరూ అడగకుండానే చేశాడు. మేం కంప్యూటర్ ఉద్యోగులం ఎక్కువయ్యాక సంఘం మా చేతికొచ్చింది. వయసైపోయిందన్న మిషతో ఆయన్ని దింపేసి, మర్యాదకోసం సన్మానం పెట్టాం. సన్మానపత్రం రాసే పని నాకు పడింది.

సభలో గోడకు పెట్టే ఫొటోలకోసం ఆయన ఇంటికి వెళ్తే, కూర్చోమనకుండానే ఒక క్యాసెట్ పెట్టాడు. ఎవరో ముసలమ్మ గొంతు. తోటలో బిడ్డను కని, మూడోనాటికల్లా మళ్ళీ చెట్ల దగ్గరికి వెళ్ళానని చెబుతోంది. నేను గడియారం చూసుకున్నాను. ఆయన టక్కున ఆపేశాడు.

"ఏటమ్మా, టైమైపోతున్నాదా?"

"అది కాదు అంకుల్..."

"ఫొటోలు పట్టుకెళ్ళు. ఒక్కటి పోయినా ఊరుకోను లా," అన్నాడు, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం చివర ‘లా’ తగిలించి.

మా అధ్యక్షుడు ఒక బ్యాంకులో ఐటీ మేనేజరు. నేను రాసింది చూసి, ‘కూలీల చరిత్రను కాపాడిన’ అన్నచోట వేలు పెట్టాడు.

"ఈ మాట వద్దండీ. గెస్టులొస్తున్నారు. ఇక్కడివాళ్ళు మనల్ని ఎలా చూస్తారో మీకు తెలీదా? ‘తొలితరం వ్యాపారులు’ అని మార్చేయండి."

అబద్ధమని తెలుసు. కానీ పెద్దాయన మీద కసి నాలో అలాగే ఉంది. మార్చేశాను. ఫొటోల కింద చీటీల్లో కూడా.

ఆదివారం పొద్దున సభ. ఆయన వస్తూనే ఫొటోల దగ్గర ఆగి చీటీలన్నీ చదివాడు. వేదికెక్కి కూర్చున్నాడు. శాలువా కప్పాక నేను పత్రం చదవడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు.

"ఎవులు రాసినారిది?"

"నేనే."

"మా అయ్య యాపారం సేసినాడా? రబ్బరు సెట్లకి గాటెట్టి పాలు దించినాడు. ఆయన సేతిలో కత్తి తప్ప తక్కెడ నాను సూళ్ళేదు. దొర ఆయన పేరు తీసేసి నంబరెట్టినాడు. నువ్వు ఆయన సేసిన పనే తీసేసినావు!"

"పిల్లలున్నారు, కూర్చోండి అంకుల్," అని ముందు వరుసలోంచి ఒకరు అరిచారు. "శాలువా కప్పినందుకు ఇదా మర్యాద?" అని ఇంకొకరు. అధ్యక్షుడు మైకు ఆపించాడు. పెద్దాయన శాలువాను కుర్చీమీద పడేసి, కిందికి దిగి, గోడమీది ఫొటోలు పీకడం మొదలుపెట్టాడు. పిన్ను గుచ్చుకుని వేలికి రక్తం వచ్చింది. మాలో ఎవరూ కదల్లేదు.

వడ్డనకోసం క్రాంజీలోని వలస కార్మికుల డార్మిటరీ నుంచి తెలుగువాళ్ళైన కొందరు భవన నిర్మాణం పనివాళ్ళను పిలిపించాం. వాళ్ళలో ఒక నడివయసు మనిషి గరిటె పక్కన పెట్టి వచ్చాడు.

"ఆగు పెద్దయ్యా, నేను తీస్త." తర్వాత మా వైపు తిరిగాడు. "నేను కూలోన్నే. చెప్పుకునేటందుకు నాకేం సిగ్గు లేదు."

ఇంకో ఇద్దరు తోడొచ్చారు. ఫొటోలన్నీ సంచిలో సర్ది, ఆయన్ని బస్సుదాకా దిగబెట్టడానికి వెళ్ళారు. వాళ్ళు మళ్ళీ రాలేదు. మేమే వడ్డించుకున్నాం. "ఇలాంటివాళ్ళకి ఎంత చేసినా ఇంతే," అన్నాడు అధ్యక్షుడు. నేను విస్తరి మడిచేశాను.

నెల తర్వాత ధైర్యం చేసి ఆయన ఫ్లాట్‌కి వెళ్ళాను. ఇనుప గేటు తియ్యకుండా లోపలే నిలబడ్డాడు.

"సారీ అంకుల్."

"నీ సారీ నానేటి సేసుకోను? సరిగ్గా రాసి తే."

మర్నాడు రాసి తీసుకెళ్ళాను. ఊచల సందులోంచి అందుకుని, నిలబడే చదివాడు. నేను ‘కష్టాలు పడ్డారు’ అని రాసినచోట కొట్టేసి, ‘దెబ్బలు తిన్నారు’ అని రాసుకున్నాడు. "ఇది నా దగ్గరుంటాది. నువ్వెల్లు," అని తలుపేశాడు.

ఆ తర్వాతి సమావేశంలో, జరిగిన తప్పును సంఘం పత్రికలో ఒప్పుకోవాలని పట్టుబట్టాను. ఒక్కరూ నా వైపు మాట్లాడలేదు. కమిటీ నుంచి బయటికొచ్చేశాను. పెద్దాయన తన పెట్టెలన్నీ ఒక గ్రంథాలయానికి ఇచ్చాడని తర్వాతెప్పుడో విన్నాను. ఒకసారి రైల్లో ఎదురుపడితే నన్ను గుర్తుపట్టి, లేచి పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. ఆయన నన్ను క్షమించలేదు. క్షమించమని నేను మళ్ళీ అడగనూ లేదు.